నొప్పుల వేళ వినిపించేది ఎవరి గుండె? కాన్పు గది ప్రశ్నలు, జవాబులు

కాన్పు సమయంలో బిడ్డ గుండెచప్పుడు చూడటం గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపేశాం. నర్సులు, హౌస్ సర్జన్లు అడిగినవాటికి కాస్త పొడుగ్గానే చెప్పాల్సి వచ్చింది. మిగతావాళ్లు వాటిని దాటేయకండి. మీ పొట్ట మీద చెయ్యి వేసినవాళ్లు ఏం వెతుకుతున్నారో అందులోనే ఉంది.

ప్రశ్న: మా అక్క కాన్పుకి కార్పొరేట్ ఆస్పత్రిలో చేరినప్పటి నుంచీ పొట్టకి రెండు బెల్టులు కట్టే ఉంచారు. మానిటర్ మీద గీతలు వస్తూనే ఉన్నాయి. నాకిప్పుడు తొమ్మిదో నెల. నేను చూపించుకునే ప్రభుత్వాస్పత్రిలో సిస్టర్లు అరగంటకోసారి వచ్చి చిన్న డాప్లర్ (బిడ్డ గుండెచప్పుడు వినిపించే చేతి యంత్రం) పెట్టి విని వెళ్తారట. డబ్బు లేనివాళ్లకి చేసే తక్కువ రకం వైద్యమా ఇది? – గర్భిణి, జనగామ

జవాబు: కాదు. మీకు బీపీ, షుగర్, రక్తస్రావం లాంటి చిక్కులేమీ లేకుండా, నెలలు నిండి, నొప్పులు వాటంతటవే మొదలైతే, నిర్ణీత వ్యవధిలో మళ్లీ మళ్లీ వినడమే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసిన పద్ధతి. బెల్టు కట్టి ఆపకుండా చూడటాన్ని సీటీజీ అంటారు. ఆరోగ్యంగా ఉన్న తల్లులకి అది వద్దని అదే సంస్థ చెప్పింది.

కారణం లెక్కల్లో ఉంది. ఈ రెండు పద్ధతుల్నీ పోల్చిన 13 పరిశోధనల్ని, 37 వేలకు పైగా తల్లుల వివరాల్ని 2017 నాటి కాక్రేన్ సమీక్ష (పరిశోధనలన్నిటినీ కలిపి తూచే అంతర్జాతీయ బృందం నివేదిక) ఒకచోట చేర్చింది. బెల్టు కట్టిన వైపు పుట్టిన బిడ్డల్లో ఫిట్స్ సగానికి తగ్గాయి, అంటే వెయ్యికి సుమారు ముగ్గురి నుంచి ఒకరిద్దరికి. అది లాభమే, కాదనలేం. కానీ బిడ్డల మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పే స్థితి) తగ్గలేదు. సిజేరియన్లు మాత్రం 63 శాతం ఎక్కువయ్యాయి. వాక్యూమ్, ఫోర్సెప్స్ కాన్పులూ కొంత పెరిగాయి. వీటిలో పెద్ద పరిశోధన డబ్లిన్‌లో దాదాపు 13 వేలమంది తల్లులతో జరిగి 1985లో అచ్చయింది. ఆ పిల్లలకి నాలుగేళ్లు వచ్చాక లెక్క తీస్తే సెరిబ్రల్ పాల్సీ రెండు వైపులా దాదాపు ఒకటే.

ఇందులో ఒక మెలిక ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. డబ్లిన్‌లో ఒక్కో తల్లి దగ్గర ఒక్కో నర్సు కూర్చుని విన్నది. ఆరుగురు తల్లులకి ఒక్క సిస్టరున్న రాత్రి డ్యూటీలో, కాగితం మీద అరగంటకోసారి విన్నట్టు ఉన్నా నిజంగా విన్నది రెండుసార్లే అయితే, ఆ పరిశోధన మీకు భరోసా ఇవ్వదు. కాబట్టి చేరకముందే రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. రాత్రిపూట ఎందరు తల్లులకి ఎందరు సిస్టర్లు ఉంటారు? తేడా వస్తే ఆపరేషన్ చేసే డాక్టరు, మత్తు డాక్టరు ఎంతసేపట్లో చేరుకుంటారు?

బెల్టు అవసరమైన సందర్భాలు వేరే ఉన్నాయి. నొప్పులు పెంచడానికి ఆక్సిటోసిన్ సెలైన్ పెట్టినప్పుడు, నొప్పి తెలియకుండా నడుముకి ఎపిడ్యూరల్ ఇచ్చినప్పుడు, ఉమ్మనీరు పచ్చగా చిక్కగా వస్తున్నప్పుడు, జ్వరం ఉన్నప్పుడు, రక్తం పోతున్నప్పుడు, ముందు సిజేరియన్ అయి ఉన్నప్పుడు, బీపీ ఎక్కువున్నా, బిడ్డ ఎదుగుదల తక్కువున్నా, కవలలైనా, నెలలు నిండకముందే నొప్పులొచ్చినా, బిడ్డ కదలికలు తగ్గాయని మీరే చెప్పినా. మొదట మామూలుగా ఉండి మధ్యలో వీటిలో ఏదొచ్చినా చూసే పద్ధతి మారాలి.

ప్రశ్న: పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. మా దగ్గర డాప్లర్ ఒకటి, పాత ఫీటోస్కోప్ (చెవికి ఆనించి వినే గొట్టం) ఒకటి ఉన్నాయి. నొప్పి వస్తుండగా వినాలా, తగ్గాకా? మేము 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తాం, అది సరిపోదా? – భూపాలపల్లి జిల్లా

జవాబు: సరిపోదు. ఎందుకో తర్వాత చెబుతాం, ముందు పద్ధతి చూద్దాం.

డాప్లర్ పెట్టేముందు చేత్తో పొట్ట తడిమి బిడ్డ వీపు ఏ వైపుందో చూడండి. చప్పుడు బాగా వినిపించేది వీపు మీదుగా, భుజం దగ్గర. తల కిందికి ఉంటే బొడ్డుకి దిగువన ఆ పక్కకి, ఎదురుకాళ్లయితే బొడ్డు దగ్గర గానీ ఇంకాస్త పైన గానీ దొరుకుతుంది. కాన్పు సాగేకొద్దీ ఆ చోటు కిందికీ మధ్యకీ జరుగుతుంది. గంట క్రితం దొరికిన చోట ఇప్పుడు దొరకలేదంటే బిడ్డకేదో అయిందని కాదు, తల దిగిందని కూడా కావచ్చు. తల్లిని వెల్లకిలా పడుకోబెట్టనక్కర్లేదు. ఎడమ పక్కకి తిరిగి ఉన్నా, కూర్చున్నా, నిలబడినా డాప్లర్ పనిచేస్తుంది. వెల్లకిలా ఉంటే గర్భసంచి బరువు వెనకున్న పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ జారుతుంది, దాంతో బిడ్డ గుండె వేగమూ పడిపోవచ్చు. అప్పుడు సమస్యని మనమే తెచ్చిపెట్టినట్టు.

ఒక చేత్తో తల్లి మణికట్టు దగ్గర నాడి పట్టుకోండి. రెండు వేగాలూ వేరని తేలాకే వింటున్నది బిడ్డ గుండె అనుకోవాలి. ఆ నాడి అంకె కూడా గంటకోసారి కేసుషీటులో పడాలి.

తర్వాత చెయ్యి పొట్ట మీదికి. నొప్పి గట్టిపడటం, వదలడం చేతికి తెలియాలి. నొప్పి చివరికొస్తుండగా వినడం మొదలుపెట్టి, అది పూర్తిగా వదిలాక కనీసం 30 సెకన్లు దాకా, మొత్తం మీద నిమిషానికి తగ్గకుండా వినండి. గర్భసంచి బిగిసినప్పుడు మాయకి వచ్చే రక్తం కాసేపు తగ్గుతుంది, దాదాపు ఆగుతుంది కూడా. ఆ లోటుని తట్టుకోలేని బిడ్డ గుండె నొప్పి శిఖరం దాటాక నెమ్మదించి, నొప్పి పోయాక కూడా వెంటనే కోలుకోదు. రెండు నొప్పుల మధ్య తీరిగ్గా వింటే 140 వినిపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు మీ 15 సెకన్ల సంగతి. ఒక్క చప్పుడు తప్పితే నిమిషానికి నాలుగు తేడా వస్తుంది, అది చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. నిమిషాన్ని నాలుగు ముక్కలు చేసి లెక్కపెట్టారనుకోండి. ఒక తల్లికి 35, 36, 34, 35 వచ్చింది, మొత్తం 140. ఇంకో తల్లికి నొప్పి వదిలాక 28, 31, 34, 35 వచ్చింది, మొత్తం 128. అంకెలుగా రెండూ మామూలనుకునే 110–160 లోపలే. కానీ రెండో బిడ్డ 112 నుంచి మెల్లగా 140కి ఎక్కుతోంది, అంటే నొప్పిలో పడిపోయి కోలుకుంటోంది. ఆఖరి 15 సెకన్లే వింటే 140, మొత్తం కలిపేస్తే 128, రెంటిలోనూ అసలు సంగతి కనబడదు. అందుకే నాలుగు ముక్కల్నీ విడిగా గమనించండి. నిలకడగా ఉన్నప్పటి అంకెని వేగంగా రాసి, పక్కన తగ్గుదల వినిపించిందా లేదా అన్నది రాయండి. చాలా కేసుషీట్లలో కనిపించే ‘ఎఫ్‌హెచ్‌ఎస్ గుడ్’ (బిడ్డ గుండెచప్పుడు బాగుంది) అన్న మాట మాత్రం దయచేసి మానేయండి. రెండు గంటల తర్వాత చూసే డాక్టరుకి దానివల్ల ఏమీ తెలియదు. 130 నుంచి 155కి వేగం పెరిగిందని తెలియాలంటే మొదటి 130 ఎక్కడో రాసి ఉండాలి.

ఎన్నిసార్లు? ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకుని నొప్పులు ఊపందుకున్నాక 15 నుంచి 30 నిమిషాలకోసారి. బ్రిటన్ మార్గదర్శకాలు 15కే గిరిగీశాయి. ముక్కే దశలో 5 నిమిషాలకోసారి. ఇవికాక ఉమ్మనీరు సంచి పగిలిన వెంటనే ఒకసారి (బొడ్డుతాడు జారే ప్రమాదం అప్పుడే), పీవీ (లోపల చేత్తో పరీక్ష) చేశాక, రక్తం కనబడ్డప్పుడు, తల్లి ‘ఏదో తేడాగా ఉంది’ అన్నప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన, కాన్పు వివరాలు నమోదుచేసే పత్రమైన లేబర్ కేర్ గైడ్‌లో 110 కన్నా తక్కువ గానీ, 160 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆ అంకె చుట్టూ సున్నా చుట్టమన్నారు. సున్నా చుట్టి ఊరుకోవడానికి కాదు.

తేడా వినిపిస్తే ఎడమ పక్కకి తిప్పండి. ఆక్సిటోసిన్ సెలైన్ నడుస్తుంటే ఆపేయండి. నాడి, బీపీ, జ్వరం చూడండి. పీవీ చేసి తాడు చేతికి తగులుతుందేమో, ముఖద్వారం పూర్తిగా తెరుచుకుందేమో చూడండి. వరసగా మూడు నొప్పుల తర్వాత వినండి. తగ్గుదల కొనసాగితే మెడికల్ ఆఫీసరుకి చెప్పి, ఆపరేషన్ వసతి ఉన్న ఆస్పత్రికి ఫోన్ చేసి, 108 పిలవండి. బిడ్డ తల కనబడుతూ కాన్పు నిమిషాల్లో అయ్యేలా ఉంటే మాత్రం దారిలో కన్నా మీ దగ్గరే మేలు. పుట్టిన బిడ్డకి ఊపిరందించే బ్యాగు, మాస్కు సిద్ధం చేసుకోండి.

పరికరం పెట్టే తిప్పలు కూడా కొన్ని. జెల్ చాలకపోతే గరగర వస్తుంది. బ్యాటరీ దిగితే తెర మీద అంకె గెంతులేస్తుంది. గుండె బాగా నెమ్మదిగా కొట్టుకుంటుంటే తెర రెట్టింపు చూపించొచ్చు, వేగం బాగా పెరిగితే సగం చూపించొచ్చు. అనుమానమొస్తే తెర వదిలేసి చెవితో, గడియారంతో లెక్కపెట్టండి. ‘హుష్ హుష్’ మని గాలి వీచినట్టు వినిపించి తల్లి నాడితో కలిస్తే అది గర్భసంచి రక్తనాళాల చప్పుడు. పక్కకి జరిపి గుర్రం దౌడులా స్పష్టంగా వినిపించే చోటు వెతకండి.

పాత ఫీటోస్కోప్‌ని పారేయకండి. చెవిని గట్టిగా ఆనించి, చెయ్యి తీసేసి వినాలి, వేళ్ల రాపిడి గుండెచప్పుడుని మింగేస్తుంది. 1895లో పారిస్ వైద్యుడు అడాల్ఫ్ పినార్ తెచ్చిన కొమ్ముబూర వారసత్వమది. డాప్లర్ కదలికని చప్పుడుగా మార్చి వినిపిస్తుంది, ఇది అసలు గుండెచప్పుడునే వినిపిస్తుంది. తల్లి నాడిని బిడ్డదిగా పొరబడే అవకాశం దీనితో తక్కువ. డాప్లర్‌తో ఉన్న సుఖం ఏమిటంటే తల్లి ఎలా ఉన్నా వినొచ్చు, చప్పుడు తల్లికీ వినిపిస్తుంది.

ప్రశ్న: మానిటర్ మీద 130, 140 అని నిలకడగా కనిపిస్తుంటే అది తల్లిది ఎలా అవుతుంది? తల్లి నాడి 80 కదా! – జీఎన్ఎం విద్యార్థిని, కర్నూలు

జవాబు: మంచం మీద ప్రశాంతంగా ఉన్నప్పుడు 80. ముక్కుతున్నప్పుడు 120 దాటడం మామూలే, 140కి వెళ్లేవాళ్లూ ఉన్నారు. జ్వరం ఉంటే ఇంకా పైకి. యంత్రానికి గుండె ఎవరిదో తెలియదు, దగ్గర్లో లయగా కదిలేది ఏది దొరికితే దాన్నే పట్టుకుంటుంది. ముక్కే దశలో బిడ్డ కిందికి జారి బెల్టు కింది సెన్సర్ పట్టు తప్పినప్పుడు తల్లి రక్తనాళాన్ని అందుకుని, గీతని తెగకుండా గీసుకుంటూ పోతుంది.

అనుమానించాల్సిన గుర్తులు రెండు. మొదటిది, ప్రతి నొప్పికీ వేగం పెరగడం. ముక్కేటప్పుడు తల కుదించుకుపోవడం వల్ల బిడ్డ గుండె సాధారణంగా తగ్గుతుంది, తల్లిది పెరుగుతుంది. రెండోది, అప్పటిదాకా లోతుగా పడిపోతూ వచ్చిన గీత ఉన్నట్టుండి ముచ్చటగా సర్దుకోవడం. ‘హమ్మయ్య, కోలుకుంది’ అనిపించే ఆ క్షణంలోనే తల్లి నాడి పట్టుకోవాలి. తల్లి వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తే రెండు అంకెలూ పక్కపక్కన కనిపిస్తాయి. తేలకపోతే స్కాన్ పెట్టి బిడ్డ గుండెని కంటితో చూడాలి. ప్రాణంలేని బిడ్డకి గంటసేపు ‘నార్మల్’ గీత రావడానికి దారి ఇదే, కొత్తగా డ్యూటీలో చేరేవాళ్లు మొదటి రోజే తెలుసుకోవాల్సిన సంగతి.

ప్రశ్న: సీటీజీ కాగితం చేతికివ్వగానే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కంగారు పడతాను. – హౌస్ సర్జన్, వరంగల్

జవాబు: మొదలు పైగీత దగ్గర కాదు. ముందు కాగితం నడిచిన వేగం చూడండి. నిమిషానికి 1 సెంటీమీటరా, 3 సెంటీమీటర్లా? అమెరికాలో 3 వాడతారు, బ్రిటన్‌లో 1. మన దగ్గర యంత్రం ఎలా అమర్చి ఉంటే అలా. 3కి అలవాటుపడ్డ కంటికి 1లో తీసిన కాగితం భయంకరంగా, 1కి అలవాటుపడ్డ కంటికి 3లో తీసినది చదునుగా కనిపిస్తుంది. చదునుగా ఉందని ఆపరేషన్‌కి పరుగెత్తేముందు ఇది చూసుకోవాలి.

తర్వాత కింది గీత, అంటే నొప్పులు. పది నిమిషాల్లో ఐదు దాటాయా? దాటితే బిడ్డకి ఊపిరి తిప్పుకునే వ్యవధి లేదన్నమాట. చాలాసార్లు దానికి కారణం మనం పెట్టిన ఆక్సిటోసినే. ఒక హెచ్చరిక: పొట్ట మీద బెల్టు నొప్పి ఎప్పుడొచ్చిందో చెబుతుందే గానీ ఎంత బలంగా వచ్చిందో చెప్పదు. గీత ఎత్తుని బట్టి బలం లెక్కగట్టకండి, చెయ్యి వేసి చూడండి.

ఇప్పుడు పైగీత. నిలకడ వేగం 110 నుంచి 160. తల్లికి జ్వరముంటే పెరుగుతుంది, నెలలు తక్కువ బిడ్డకి కాస్త ఎక్కువే ఉంటుంది. గీతలో సన్నటి వణుకు నిమిషానికి 5 నుంచి 25 చప్పుళ్ల మధ్య ఉండాలి. బిడ్డ మెదడు గుండెని క్షణక్షణం సవరిస్తోందనడానికి ఆ వణుకే సాక్ష్యం, అందుకే అన్నిటికన్నా విలువైనది అదే. 5 కన్నా తగ్గితే బిడ్డ నిద్రలో ఉండొచ్చు, ఆ నిద్ర 50 నిమిషాల దాకా సాగుతుంది. నొప్పి తగ్గించే పెథిడిన్, ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చినా తగ్గుతుంది. అంతకుమించి సాగితే కారణం వెతకాలి. 15 సెకన్లకు తగ్గకుండా 15 చప్పుళ్ల మేర పైకి లేచే గీతలు శుభసూచకం. నొప్పుల్లో అవి కనిపించకపోయినా మిగతాదంతా బాగుంటే భయం లేదు.

తగ్గుదలల్లోనే తికమకంతా. నొప్పితో పాటే దిగి నొప్పితో పాటే లేచే చిన్న పల్లం తల నొక్కుకోవడం వల్ల వస్తుంది, దాన్ని వదిలేయొచ్చు. నిటారుగా దిగి నిటారుగా లేచి, ఒక్కోసారి ఒక్కో ఆకారంలో వచ్చేది తాడు నొక్కుకోవడం వల్ల. నొప్పుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వణుకు బాగుండి, మధ్యమధ్య నిలకడ వేగానికి తిరిగొస్తుంటే బిడ్డ తట్టుకుంటోందన్నమాట. నొప్పి మొదలయ్యాక 20 సెకన్లు దాటి మెల్లగా దిగి, నొప్పి పోయాక గానీ లేవనిది ఆలస్యపు తగ్గుదల, అది మాయ దగ్గర ప్రాణవాయువు చాలడం లేదని చెబుతుంది. ఆలస్యపు తగ్గుదలలు వరసగా వస్తూ, వణుకు కూడా పోతే తాత్సారం చేయకండి. తగ్గుదల 3 నిమిషాలు దాటితే సీనియర్‌ని కేకేయాలి. వెంటనే వెతకాల్సినవి మూడు ఉన్నాయి: జారిన తాడు, మాయ విడిపోవడం, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లడం. వీటిలో ఏదైనా ఉంటే ఆగకూడదు. ఇవి కాకుండా ఎపిడ్యూరల్‌తో బీపీ జారడమో, నొప్పులు మితిమీరడమో అయితే సరిదిద్దవచ్చు, చాలావరకు కోలుకుంటుంది. 9 నిమిషాలకీ కోలుకోకపోతే కాన్పు త్వరపెట్టమని బ్రిటన్ మార్గదర్శకం. 80 కిందికి పడి వణుకు కూడా లేకుంటే అంతసేపు కూడా చూడరు.

చివరగా కాగితం పక్కన పెట్టి తల్లిని చూడండి. ఎన్ని వారాలు, బిడ్డ సన్నదా, ఉమ్మనీరు పచ్చగా ఉందా, కాన్పుకి ఇంకెంత దూరం? అదే గీతకి, గంటలో కాన్పయ్యే మూడో కాన్పు తల్లికి ఒక నిర్ణయం, 3 సెంటీమీటర్ల దగ్గర ఆగిన ఎదుగుదల తక్కువ బిడ్డకి మరో నిర్ణయం. గీతని కంప్యూటర్‌కి అప్పగిస్తే మేలని కొందరంటారు. బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేలకు పైగా తల్లులతో చేసి 2017లో అచ్చువేసిన పరీక్షలో కంప్యూటర్ సలహా వల్ల బిడ్డలకి అదనపు మేలేమీ కనబడలేదు.

ప్రశ్న: ‘బిడ్డ గుండె 80కి పడిపోయింది’ అని చెప్పి అరగంటలో నా భార్యకి సిజేరియన్ చేశారు. బాబు పుట్టగానే గట్టిగా ఏడ్చాడు, ఏ ఇబ్బందీ లేదు. మమ్మల్ని మోసం చేశారా? – నిజామాబాద్

జవాబు: బాబు ఏడ్చాడన్న ఒక్కదాన్ని బట్టి చెప్పలేం, ఎందుకంటే రెండూ నిజం కావచ్చు. సకాలంలో తీశారు కాబట్టి బాగుండొచ్చు, తీయకపోయినా బాగుండేవాడేమో. ఈ పరీక్ష బలహీనతే అది. గీత బాగుంటే బిడ్డ బాగున్నట్టు దాదాపు ఖాయం. గీత బాగోకపోతే బిడ్డ బాగోలేనట్టు మాత్రం కాదు. 1996లో కాలిఫోర్నియాలో నెలలు నిండిన పిల్లల రికార్డులు తిరగేస్తే, ఆలస్యపు తగ్గుదలలు, వణుకు తగ్గడం లాంటి అసలైన ప్రమాద గుర్తులున్నవాళ్లలో కూడా సెరిబ్రల్ పాల్సీ తేలింది వెయ్యికి ఇద్దరిలో. మిగతా 998 మంది విషయంలో గీత పెట్టిన భయం నిజం కాలేదు.

మీరు అడగదగ్గ ప్రశ్నలు వేరే. 80 ఎంతసేపు నిలిచింది, ఒక నిమిషమా, ఎనిమిదా? అప్పుడు ఆక్సిటోసిన్ నడుస్తోందా, ఆపారా? ఎడమ పక్కకి తిప్పి, బీపీ చూసి, నొప్పులు తగ్గించే టెర్బుటలిన్ ఇంజెక్షన్ లాంటిది ఇచ్చి చూశారా? ముఖద్వారం ఎంత తెరుచుకుంది? సీటీజీ కాగితం నకలు, కేసుషీటు నకలు అడగండి, వచ్చే కాన్పుకి అవి అక్కరకొస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తానికి 21.5. ఇన్నిటికి గుండెచప్పుడు ఒక్కటే కారణమని ఎవరూ అనలేరు. కానీ వీటిని చూశాక మీకు అనుమానం రావడంలో వింతేమీ లేదు.

ప్రశ్న: మెడకి పేగు (బొడ్డుతాడు) చుట్టుకుందని స్కాన్‌లో చెప్పారు. నొప్పుల దాకా ఆగడం మంచిదేనా? – అత్తగారు, తెనాలి

జవాబు: నెలలు నిండి పుట్టే ప్రతి నలుగురైదుగురు పిల్లల్లో ఒకరికి మెడ చుట్టూ పేగు ఉంటుంది, వాళ్లలో చాలామంది మామూలుగానే పుడతారు. బిడ్డ ఊపిరి పీల్చేది మెడతో కాదండీ, ప్రాణవాయువు వచ్చేది ఆ పేగులోంచే. కాబట్టి మెడ బిగుసుకుంటుందన్న భయం అక్కర్లేదు, పేగు నొక్కుకుంటోందా అన్నదే చూడాలి. అది నొప్పుల్లో గుండె వేగంలో తెలుస్తుంది. స్కాన్‌లో చుట్టు కనబడిందని మాత్రమే ఆపరేషన్ చేయించనక్కర్లేదు. కోడలికి బిడ్డ కదలికలు గమనించుకోమని చెప్పండి.

ప్రశ్న: నొప్పులతో వెళ్లగానే అందరికీ 20 నిమిషాలు ఎన్ఎస్టీ (బెల్టు కట్టి తీసే గీత) తీస్తున్నారు. మంచిదేగా? – ఆశా కార్యకర్త, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వినడానికి మంచిదే. ఏ చిక్కూ లేని తల్లులకి చేరగానే ఇలా గీత తీసిన 4 పరిశోధనల్ని, 13 వేలకు పైగా తల్లుల్ని చూస్తే బిడ్డలకి లాభం కనబడలేదు, సిజేరియన్లు సుమారు 20 శాతం పెరిగే మొగ్గు కనబడింది. 20 నిమిషాల్లో బిడ్డ నిద్రలో ఉంటే గీత చదునుగా వస్తుంది, దాంతో ఇంకో గంట బెల్టు, ఆపై కంగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేయడం లేదు. చేరగానే డాప్లర్‌తో నిమిషం పాటు సరిగ్గా వినడం చాలు. చిక్కులున్నవాళ్లకి, కదలిక తగ్గిందన్నవాళ్లకి మాత్రం తీయాల్సిందే.

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడ మంచం దిగనివ్వకుండా బెల్టు కట్టేస్తారని స్నేహితురాళ్లు చెబుతున్నారు. లండన్‌లో మా చెల్లికి అలా చేయలేదు. ఎందుకీ తేడా?

జవాబు: అమెరికాలో 2002 నాటికే 85 శాతం కాన్పులకి బెల్టు వాడారు. పక్కన కూర్చుని వినే మనిషి కన్నా డెస్కు దగ్గర నాలుగు గదుల గీతలు చూపించే తెర ఆస్పత్రికి చౌక, కోర్టులో కాగితం సాక్ష్యం. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమే 2019లో, ప్రమాదం తక్కువున్న తల్లులు కోరుకుంటే చేతి డాప్లర్‌తో వినే పద్ధతిని ఆస్పత్రులు అలవాటు చేసుకోవాలని చెప్పింది. బ్రిటన్‌లో అలాంటి తల్లుల్ని మిడ్‌వైఫ్‌లే చూస్తారు, వినడమే అక్కడ మామూలు పద్ధతి. ఏడో నెలలోనే మీ డాక్టర్ని అడిగి, ఒప్పుకుంటే రాయించుకోండి. ఒప్పుకోకపోతే తీగల్లేని మానిటర్ ఉందేమో కనుక్కోండి, బెల్టుతోనే నడవొచ్చు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో డాప్లర్ కొన్నాం. రోజూ వింటే మంచిదా? 155 వస్తోంది, ఆడపిల్లేనంటున్నారు మా వదిన. – రాజమహేంద్రవరం

జవాబు: వేగాన్ని బట్టి ఆడో మగో తెలియదు. 155 అంటే ఆ నిమిషంలో బిడ్డ మెలకువగా కదులుతూ ఉండొచ్చు, అంతే.

డాప్లర్ని మాత్రం బీరువాలో పెట్టేయండి. నేర్పు లేని చేతికి మాయ చప్పుడు, తల్లి నాడి కూడా బిడ్డ గుండెలాగే వినిపిస్తాయి. కదలికలు తగ్గిన రోజు ‘గుండె వినిపిస్తోందిగా, రేపు వెళ్దాం’ అని ఆగిపోవడమే దీనితో అసలు ప్రమాదం, ఎందుకంటే గుండె ఆగేముందు కదలికలు తగ్గుతాయి. తగ్గాయనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి, రాత్రయినా సరే.

ప్రశ్న: గుండె వేగం తగ్గితే వెంటనే తల్లికి ఆక్సిజన్ మాస్కు పెడతాం. ఈ మధ్య వద్దంటున్నారు, నిజమేనా? – స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్

జవాబు: నిజమే. బిడ్డ కోసమని మాస్కు పెట్టవద్దని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2018లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో మాస్కు పెట్టినా, మామూలు గాలి పీల్చినా పుట్టిన బిడ్డ బొడ్డు రక్తంలో లాక్టేట్ (ఆక్సిజన్ చాలకపోతే పెరిగే పదార్థం) ఒకలాగే ఉంది. తల్లి రక్తంలో ఆక్సిజన్ 98 శాతం ఉన్నప్పుడు దాన్ని ఇంకా పెంచి లాభం లేదు, చిక్కంతా అది బిడ్డదాకా చేరకపోవడంలో ఉంటుంది. తల్లికే ఆక్సిజన్ తగ్గితే, లేదా మత్తు ఇవ్వబోతుంటే పెట్టండి. లేకపోతే మాస్కు వెతికే ఆ అర నిమిషంలో ఆక్సిటోసిన్ ఆపి తల్లిని పక్కకి తిప్పండి.